రెండో చెంప

మార్కెట్ మూల మీద కత్తులకు సాన పట్టే ముసలాయన్ని అందరూ సాన తాత అనేవారు. ఒక చెంప మీద కొడితే రెండోది చూపమన్న క్రీస్తు మాట ఆయనకు బాగా అచ్చొచ్చింది. పుట్టు పిరికివాడాయె! ఎవరు కసిరినా తల వంచి, దానికి భక్తి అని పేరు పెట్టుకునేవాడు. "భక్తి కాదు, నీ మొహం. భయం" అనేది భార్య.

ఒక మధ్యాహ్నం పక్కవీధి లారీ డ్రైవరు తుప్పుపట్టిన పొడుగాటి కత్తి తెచ్చాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"తొందరగా పట్టు తాతా. మా తమ్ముడి సంగతి ఇవాళ తేల్చేస్తా."

తాత పైప్రాణాలు పైనే పోయాయి. అలవాటుకొద్దీ చక్రం తిప్పాడు. నిప్పురవ్వలు లేవగానే ఆపేసి, కత్తిని గుండెకు హత్తుకున్నాడు.

"పట్టను నాయనా. ఇది ఇవ్వను కూడా."

చెంప ఛెళ్లుమంది. కళ్లజోడు ఎగిరి మురుగులో పడింది.

తాత కత్తి వదల్లేదు. "ఇంకో చెంపుంది, కొట్టు. అది నాది, ఇస్తా. నీ తమ్ముడి మెడ ఇవ్వడానికి నేనెవర్ని?"

డ్రైవరు చెయ్యి మళ్లీ లేచింది. ప్రాణాలతో ఇల్లు చేరితే భార్యకు చెప్పాలనుకున్నాడు తాత: ఇవాళ కూడా భయమేనే, కానీ తల వంచలేదని.