మా ఇంట్లో ఆగిన జంపఖానా

మొన్న వానలు మొదలుకాక ముందే అని మా కోడలు పాత జంపఖానా ఒకటి దించి, కుంకుడురసంలో నానబెట్టి, డాబా మీద ఉతికి ఆరేసింది. తడిసిన నూలు, కుంకుడు, ఎండ కలిసిన ఆ వాసన మెట్లు దిగి నా గదిలోకి వచ్చింది. చేతిలో పేపరు పక్కన పెట్టి అలాగే కూర్చుండిపోయాను. కళ్ళు మసకేశాయి, చెవులు సగం సెలవు పుచ్చుకున్నాయి, ముక్కుకు మాత్రం వయసు రాలేదు. అది నన్ను పదేళ్ళ పిల్లను చేసి మా పాత ఇంటి వాకిట్లో నిలబెట్టింది. ఆ వాకిట్లో ఒక తెల్లచీర మనిషి గొడుగు ముడిచి, చెప్పులు విడిచి, "లేయమ్మా" అని మా అమ్మను పిలిచింది. ఆవిడ పేరు ఎస్తేరమ్మ గారు. ఇది చదివేవాళ్ళలో ఆవిడను చూసినవాళ్ళు ఉండరు. చూసినవాళ్ళంతా వెళ్ళిపోయారు, నేనొక్కదాన్నే మిగిలాను.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన కొత్తల్లో వరంగల్లులో మా లూథరన్ సంఘం చాలా చిన్నది. బట్టల మిల్లులోకి, రైల్వేలోకి పనికని కోస్తా నుంచి వచ్చిన కుటుంబాలు కొన్ని, మరిపెడ వైపు పల్లెల నుంచి వచ్చిన మాలాంటివాళ్ళం కొందరం, అంతా కలిపి పదిహేను ఇళ్ళు. మాకంటూ పాస్టరు లేరు. నెలకొకసారి, మొదటి ఆదివారానికి ముందురోజు, బెజవాడ వైపు నుంచి వచ్చే రైల్లో పాస్టరు గారు దిగేవారు. శనివారం సాయంత్రం సిద్ధపాటు ఆరాధన, మర్నాడు రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారం, సోమవారం తిరుగు రైలు. మిగిలిన నెలంతా సంఘాన్ని పట్టి నిలిపింది ఎస్తేరమ్మ గారే. ఆవిడ బైబిలు స్త్రీ. అంటే ఇల్లిల్లూ తిరిగి వాక్యం చదివి వినిపించడం, ఆడవాళ్ళకూ పిల్లలకూ అక్షరాలు నేర్పడం, జబ్బుపడ్డవాళ్ళ పక్కన కూర్చుని ప్రార్థన చెయ్యడం ఆవిడ పని. గుంటూరు వైపు మనిషి, చిన్నతనంలోనే భర్త పోయాడు. పొట్టిగా, గట్టిగా ఉండేది. కీర్తన ఎత్తుకుందంటే రాగం ఒక దారి, ఆవిడ ఒక దారి. అయినా ఆవిడ గొంతు లేకపోతే మాకు ఆరాధన చప్పగా ఉండేది.

నెలలో మూడో శనివారం మధ్యాహ్నం స్త్రీల సమాజం. నెలకొక ఇంట్లో కూడేవారు. కూర్చోవడానికి కొత్తవాడలో నేయించిన జంపఖానా ఒకటి, ఎరుపూ నీలం చారలది. సమాజానికి ఆస్తి అంటే అదొక్కటే. కూటం ముగిశాక వచ్చే నెల ఎవరి వంతో ఆ ఇల్లాలు లేచి చెప్పేది. ఇద్దరు మడతపెట్టి ఆమె తలకెత్తేవారు. ఆమె దాన్ని ఉతికి, మడతల్లో వేపాకు వేసి నెల్లాళ్ళు కాపాడేది. కబురంపి జంపఖానా తెప్పించుకోవడం లేదు. ఉన్న ఇంటికి వచ్చి, దాని మీద కూర్చుని, ప్రార్థన చేసి, ఆ ఇంటి నీళ్ళు తాగి, అప్పుడే తీసుకుపోవాలి. ఎవరు పెట్టిన ఆచారమో గాని పది ఆజ్ఞల తరువాత పదకొండోది ఇదే అన్నంత గట్టిగా పాటించేవారు.

ఆ జంపఖానా పద్నాలుగు ఇళ్ళు తిరిగి మళ్ళీ మొదటి ఇంటికి పోయేది. పదిహేనో ఇల్లు మాది. మా నాన్న తోళ్ళ గోదాములో పనిచేసేవాడు. మాది తోలుపని చేసే కులం, తక్కినవాళ్ళది కాదు. కులం అని ఎవరూ నోటితో అనేవారు కారు. ఇల్లు ఇరుకనేవారు, తోళ్ళ వాసన అనేవారు. నెలకొకసారి బలిపీఠం ముందు మోకరించి అందరూ ఒకే పాత్రకు పెదవి ఆనించేవారు, మా కుండలో నీళ్ళు మాత్రం ముట్టేవారు కారు. మా అమ్మ ఎప్పుడూ సంస్కారానికి అందరికంటే ఆఖరున వెళ్ళేది, తన తరువాత ఆ పాత్రలో ఎవరూ తాగే అవసరం రాకుండా. ఎవరూ చెప్పలేదు, తనకు తానే పెట్టుకున్న నియమం. అయినా మూడో శనివారం వస్తుందంటే ఇల్లు అలికేది. చుట్టాల కోసమని దాచిన ఇత్తడి గ్లాసును చింతపండుతో తోమి కుండ మీద బోర్లించేది. ఎందుకమ్మా అంటే, ఎన్నడన్న మన వంతు రాదా బిడ్డా అనేది. నోట్లో నాలుక లేని మనిషి. ఆమె మనసు నిండా ఉన్న కోరిక అదొక్కటే.

ఎస్తేరమ్మ గారు మాత్రం మా ఇంటికి వచ్చేది. ప్రతి శుక్రవారం పొద్దెక్కేసరికి గొడుగు కనిపించేది. నాకు చదువు వచ్చింది ఆవిడ దగ్గరే. అక్షరం కింద వేలు పెట్టి చదవాలి, వేలు జరిగిందా నెత్తిన మొట్టికాయ. "గాలి చదవకు రూతూ, అక్షరం చదువు" అనేది. తరువాత నేను ముప్పై రెండేళ్ళు బడిలో పంతులమ్మగా పనిచేశాను. ఆ ఉద్యోగమంతా మా మట్టి అరుగు మీద, ఆవిడ వేలి పక్కనే మొదలయింది. పాఠం అవగానే అమ్మ ఇత్తడి గ్లాసుతో నీళ్ళు తెచ్చేది. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి, ఇవాళ ఉపవాసం కదా లేయమ్మా అనేది. నడివేసవిలో చెమటలు కక్కుతూ వచ్చి కూడా చుక్క ముట్టని ఆ భక్తి చూసి నేను మురిసిపోయేదాన్ని. ఒక శుక్రవారం నేనూ ఉపవాసం అన్నాను. ఎన్నడూ పల్లెత్తు మాట అనని అమ్మ ఆ రోజు నా వీపు మీద ఒక్కటిచ్చి, నా చేత నీళ్ళు తాగించింది. ఎందుకు కొట్టిందో నాకు అర్థం కాలేదు.

తరువాత ఒక శుక్రవారం ఎస్తేరమ్మ గారు, ప్రభువు బావి దగ్గర కూర్చుని, తనవాళ్ళు ముట్టని జాతి మనిషిని దాహం అడిగిన కథ నా చేత చదివిస్తోంది. చదవడం పూర్తిచేసి, మనసులోకి వచ్చింది అడిగేశాను.

"ఆ దినం శుక్రారం కాదా అమ్మగారూ?"

ఆవిడ నా వైపు చూసింది. లోపల అమ్మ గ్లాసు తోముతున్న చప్పుడు ఆగిపోయింది. ఆవిడ పుస్తకం మూసి, ప్రార్థన కూడా చెయ్యకుండా గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. గొడుగు విప్పడం కూడా మరిచిపోయి ఎండలో నడిచి పోయింది. తప్పు మాట అన్నానేమోనని భయపడ్డాను.

మర్నాడే సమాజం. ఆ నెల మిల్లు మేస్త్రీ భార్య సుగుణమ్మ ఇంట్లో. అమ్మ, నేను ఎప్పటిలాగే గడప పక్కన కూర్చున్నాం. కూటం ముగిసింది. వచ్చే నెల వంతు ఎవరిదో ఆమె పురిటికి పుట్టింటికి పోయింది. ఎవరు లేస్తారా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే ఎస్తేరమ్మ గారు, వచ్చే నెల లేయమ్మ ఇంట్లో అని చెప్పింది. అమ్మను ఒక్క మాట కూడా అడగలేదు.

"ఆడ జాగ సాలదు గద అమ్మగారూ" అంది సుగుణమ్మ.

"జంపఖానా పరిచే చోటుంటే చాలు" అని, ఎవరి సాయం లేకుండా తనే మడతపెట్టి అమ్మ తలకెత్తింది ఆవిడ.

అమ్మ దాన్ని దొడ్డిదారిన తీసుకుపోలేదు, బజారు మధ్య నుంచి నడిచింది. నేను వెనకాల పరుగెత్తాను. ఇంటికొచ్చి కుంకుడుకాయలు కొట్టి ఇద్దరం దాన్ని ఉతికాం. మొన్న డాబా మీద నుంచి దిగిన వాసన అదే. ఆ నెల్లాళ్ళు అమ్మ పాటలు పాడుకుంటూ పని చేసింది. ఆమె పాడుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

మూడో శనివారం వచ్చింది. జంపఖానా గోడ నుంచి గోడ దాకా పరిచాం. కొత్త కుండలో నీళ్ళు పోశాం. ఒక్కరూ రాలేదు. ఎస్తేరమ్మ గారు ఒక్కతే వచ్చి, చాలాసేపు వాకిలి వైపు చూసి, ఇక మొదలుపెడదామంది. ముగ్గురం ఒక మూలకు సర్దుకుంటే తక్కిన జంపఖానా అంతా ఖాళీగా పడి ఉంది. అయినా ఆవిడ ఒక్క కీర్తన తగ్గించలేదు, ఒక్క ప్రార్థన కురచ చెయ్యలేదు. అంతా అయ్యాక, దాహంగా ఉంది, మంచినీళ్ళు ఇమ్మంది. అమ్మ కదలలేదు.

"ఆరేళ్ళుగా నీ ఇంటికి శుక్రవారమే ఎందుకు వచ్చేదాన్నో తెలుసా లేయమ్మా?"

"ఎరికే అమ్మగారూ."

ఆవిడ తల వంచుకుంది. "తెలిసి కూడా ప్రతివారం నీళ్ళు తెచ్చావా?"

"తేకపోతే గది నా తప్పయితది గద" అంది అమ్మ.

ఎస్తేరమ్మ గారు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పెద్దవాళ్ళు అలా ఏడవడం నేను చూడలేదు. అమ్మ లోపలికి వెళ్ళి గ్లాసు నింపి తెచ్చింది. ఆవిడ రెండు చేతులతో పట్టుకుని తాగింది. మళ్ళీ అడిగి ఇంకొక గ్లాసు తాగింది. అమ్మ నన్ను ఎందుకు కొట్టిందో ఆ పూట నాకు తెలిసింది.

జంపఖానా మా ఇంట్లోనే ఉండిపోయింది. గుడికి తెప్పించమని పెద్దలు అడిగితే, ఆచారం ఆచారమే, కావలసినవాళ్ళు వెళ్ళి కూర్చుని తెచ్చుకోవాలని ఆవిడ పట్టుబట్టింది. రెండో నెల ముగ్గురమే, మూడో నెలా ముగ్గురమే. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఆవిడను ఆడిపోసుకున్నారు. ఇప్పుడు ఆలోచిస్తే ఆవిడ చేసిందంతా ఒప్పే అనలేను. పంతం ఆవిడది, దెబ్బ మా అమ్మది. గుడి మెట్ల మీద అమ్మను పలకరించేవాళ్ళే లేకుండా పోయారు. నా మూలంగ సంఘం ఇరుగుతాంది, తీస్కపోండ్రి అని అమ్మ ఆవిడ కాళ్ళు పట్టుకున్నంత పనిచేసింది. నీకు బరువైతే చెప్పు, నేను మోస్తా, వాళ్ళ ఇంటికి మాత్రం చేర్చను అంది ఆవిడ. పెద్దలు పాస్టరు గారి చెవిన వేశారు. ఆ తరువాతి నెల రైలు దిగుతూనే ఆయన ఆవిడకు వేరే ఊరికి బదిలీ అయిందని చెప్పారు. సోమవారం తనతో పాటే బయలుదేరమన్నారు.

ఆ ఆదివారం సంస్కారానికి ఆడవాళ్ళలో ఎప్పుడూ ముందు లేచే ఎస్తేరమ్మ గారు లేవలేదు. అందరూ వెళ్ళివచ్చారు. ఆఖరున అమ్మ వెళ్ళి మోకరించింది. అప్పుడు ఆవిడ నెమ్మదిగా లేచి వెళ్ళి అమ్మ పక్కన, అమ్మ తరువాత మోకరించింది. పాస్టరు గారు అమ్మ తాగిన పాత్ర అంచు తుడవబోతే ఆవిడ చెయ్యి చాపి అలాగే అందుకుంది. సుగుణమ్మ తల దించుకుని పమిటచెంగు మెలిపెడుతూ కూర్చుంది.

స్టేషనుకు వెళ్ళింది మేమిద్దరమే. రైలు పెట్టె కిటికీలోంచి ఆవిడ నా తల నిమిరి, వేలు జరగనివ్వకు అంది. జంపఖానా ఎవరైనా తీసుకుపోతే నాకు రాయి అని చిరునామా చెప్పింది.

రెండు వారాలకు మూడో శనివారం. అలవాటు కొద్దీ జంపఖానా పరిచి కూర్చున్నాం. వాకిట్లో అలికిడయితే సుగుణమ్మ, వెనక ఇంకో ఇద్దరు.

"అమ్మగారు పోయినంక సమాజం బందైపోయింది లేయక్కా. జంపఖానా కోసం వచ్చినం" అంది సుగుణమ్మ, గడప అవతలే నిలబడి.

"తీస్కపోండ్రి. ముందుగాల కూసోండ్రి" అంది మా అమ్మ. నోట్లో నాలుక లేని మా అమ్మే.

కూర్చున్నారు. వాక్యం చదవడానికి ఎవరూ లేరు, నేనే చదివాను, అక్షరం కింద వేలు పెట్టి. ప్రార్థన అయ్యాక సుగుణమ్మ కుండ వైపు చూసింది, అమ్మ వైపు చూసింది. "జర నీళ్ళియ్యి అక్కా" అంది. కషాయం తాగినట్టు కళ్ళు మూసుకుని తాగింది. తాగడం మాత్రం పూర్తిగా తాగింది. జంపఖానా ఆమె తలకెక్కి సందు మలుపు తిరిగేదాకా అమ్మ వాకిట్లోనే నిలబడి చూసి, అమ్మగారుంటే బాగుండు బిడ్డా అని అరుగు మీద కూలబడి ఏడ్చింది.

ఆ సాయంత్రమే నేను కార్డు రాశాను. నా జీవితంలో మొదటి ఉత్తరం అది. జవాబు రాలేదు. మళ్ళీ రాశాను. తరువాత రాజ్యం మారే గడబిడ రోజులు వచ్చాయి, రైళ్ళు సరిగా నడవలేదు, పాస్టరు గారూ చాలాకాలం రాలేదు. వచ్చినప్పుడు అడిగితే, ఎస్తేరమ్మ గారు జ్వరంతో పోయి ఏడాది దాటిందన్నారు. నా కార్డు ఆవిడకు అందిందో లేదో ఆయనకు తెలియదు. నాకూ తెలియదు. ఇన్నేళ్ళయినా ఆ ఒక్క మాట ఆవిడకు చెప్పాలని ఉంటుంది: తీసుకుపోయారు అమ్మగారూ, కూర్చుని, నీళ్ళు తాగి మరీ తీసుకుపోయారు.

పంతులమ్మనయ్యాక పిల్లలు బడి మానేస్తే వాళ్ళ ఇళ్ళకు వెళ్ళేదాన్ని. ఏ వాడ, ఏ గుడిసె అని చూడలేదు. గడప దగ్గర చెప్పులు విడవగానే ముందు మంచినీళ్ళు అడిగేదాన్ని, తరువాతే బడి మాట. ఇప్పటికీ ఎవరింటికి వెళ్ళినా అంతే. మా గుడిలో శుక్రవారాలు ఉపవాస ప్రార్థన ఉంటుంది. ఇంత భక్తి గల మనిషి ఉపవాసం ఎందుకుండదని మా కోడలు అడుగుతుంటుంది. ప్రార్థనకు వెళ్తాను, అందరితో కలిసి మోకరిస్తాను. ఉపవాసం మాత్రం ఉండను.