నా విస్తరిలో మా అత్త చెయ్యి

పోయిన నెల హోసూరులో మా ఆడపడుచు మనవడి పెళ్ళికి పిలుపు ఫోన్లోనే వచ్చింది. ఎంతమంది వస్తున్నారు, ఎవరేమి తింటారు అని అందులోనే నింపి పంపాలట. మా మనవరాలు నా పక్కన కూర్చుని, నాకు వెజ్ అని పెట్టాలా నాన్‌వెజ్ అని పెట్టాలా అని అడిగి, నా జవాబుకు ఆగకుండా తనే నవ్వి, చేప తిని మాంసం తినని నాలాంటి వాళ్ళను ఇంగ్లీషులో పెస్కటేరియన్ అంటారని చెప్పింది. అరవై దాటి ఇన్నేళ్ళయ్యాక నా తిండికి ఒక పేరుందని తెలిసింది. ఈ పేరేదో నలభై అయిదేళ్ళ కిందట మా అత్తవారి ఊరు జవళగిరిలో ఎవరైనా చెప్పి ఉంటే నాకెంత మేలు జరిగేదో అనుకున్నాను గానీ, మళ్ళీ ఆలోచిస్తే, అప్పుడు నాకు జరిగిన మేలు పేరు వల్ల జరిగేది కాదు.

నేను పుట్టింది కృష్ణగిరి డ్యాముకు దగ్గర. మా నాన్నది డ్యాములో షట్టర్లు ఎత్తి దించే పని. సాయంత్రం పని దిగి వస్తూ వలవాళ్ళ దగ్గర ఒక చేపను తాటినారకు గుచ్చి తెచ్చేవాడు, మా అమ్మ అప్పటికే చింతపండు నానబెట్టి ఉంచేది. మా ఇంట్లో మాంసం ఎవరికీ సరిపడదు. దీనికి పెద్ద కారణమేమీ లేదు. గొర్రె మీద ఉన్న జాలి చేప మీద లేదా అని ఎత్తిపొడిచేవాళ్ళకు నేనెప్పుడూ జవాబు చెప్పలేకపోయాను, ఎందుకంటే ఇందులో జాలి అన్నది లేదు. మాంసం వాసన తగిలితే నా కడుపులో తిప్పుతుంది, అంతే. పెళ్ళిచూపులనాడు మా నాన్న ఈ మాట దాచకుండా చెప్పాడు. మా పెద్దమామగారు, అంటే మామగారి అన్న, ఇంటికి పెద్దదిక్కు, మీసం మీద చెయ్యి వేసుకుని, మా ఇంటికొస్తే అదే అలవాటవుతుందిలే అన్నాడు.

జవళగిరి అడవి అంచు ఊరు. రాగులు, ఉలవలు, అనపకాయలు పండించే నేల. రోజూ సంగటి, చలికాలమంతా అనపగింజల పితికిన పప్పు, పండగకో చుట్టాలొస్తేనో కోడి, గొర్రె. చెరువులో పిల్లలు పట్టే పిత్త పరిగెలు తప్ప చేప అన్నది ఆ ఇంటి పొయ్యి మీదికి ఎక్కి ఎరగదు. మా అత్త మాటలు తక్కువ మనిషి. నేను మొదటిసారి మాంసం వద్దన్నప్పుడు ఆమె సంగటిలోకి ఇంత చారు పోసి లేచిపోయింది. ఆమె కోపంగా ఉందో జాలిపడిందో ఆ ముఖం చూసి చెప్పడం నా వల్ల కాలేదు.

పెళ్ళయిన నెలకు మా నాన్న నన్ను చూడటానికి వచ్చాడు. తడిపిన గోనెసంచిలో అరిటాకులు చుట్టి రెండు పెద్ద కట్ల చేపలు పెట్టుకుని, డెంకణికోటలో బస్సు మారి, కండక్టరు చేత తిట్లు తిని, చేపలు చెడకుండా తెచ్చి మా అత్త ముందు పెట్టాడు. తిరుగు బస్సు తప్పిపోతుందని మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. వియ్యంకుడు తెచ్చింది ఇంటి పెద్దమ్మే వండాలని మా అత్త నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. వండింది, ఎలా వండాలో అలాగే, అంటే గొర్రె మాంసాన్ని ఎలా వండుతారో అలాగే. ఉల్లిగడ్డలు, మసాలా వేయించి, చేపముక్కలు వేసి గరిటెతో బాగా తిప్పి, దండిగా నీళ్ళు పోసి, మూతపెట్టి, లావాటి కట్టెలు ఎగదోసింది. నడుమ నడుమ మూత తీసి మళ్ళీ గరిటె పెట్టింది. చేపల పులుసులో గరిటె పెట్టకూడదనీ, చట్టి అంచు గుడ్డతో పట్టుకుని ఇటూ అటూ తిప్పాలనీ, నాలుగు పొంగులు వస్తే దించెయ్యాలనీ నాకు తెలుసు. కొత్త కోడలిని, నోరు విప్పలేదు. మగవాళ్ళు కాళ్ళు కడుక్కొని కూర్చున్నాక ఆమె చట్టిలో గరిటెతో వెతికి వెతికి, "చేపలు యాడికి పోయినాయి?" అంది.

చేపలు ఎక్కడికీ పోలేదు, పులుసంతా అవే. ముళ్ళతో సహా. మా మామగారు సంగటి ముద్ద అద్దిన ప్రతిసారీ నోట్లోనుంచి ముల్లు తీసి విస్తరి అంచున పేర్చుకుంటూ పోయాడు. మావారు ఒక్క ముద్దకే లేచి మజ్జిగ అడిగారు. నాకు నవ్వు ఆగక తల వంచుకున్నాను, అది ఆమె చూసింది. అందరూ వెళ్ళాక దగ్గరికొచ్చి, "నీకు తెలుసు గదమ్మణ్ణీ, ఎందుకు చెప్పలేదు?" అని అడిగింది. మీరు అడగలేదు గదత్తా అన్నాను. పద్దెనిమిదేళ్ళ పొగరు కదా. ఆ తర్వాత రెండు రోజులు ఆమె నాతో మాట్లాడలేదు.

ఇంత చెప్పడం ఎందుకంటే, ఆ పైన రెండు నెలలకే మారెమ్మ జాతర వచ్చింది. మా అత్తవారింట్లో జాతరకు కోసిన మేకపోతును ఇంట్లో తలా ఒక వంతుగా పంచుతారు. ఎవరి వంతు వాళ్ళు తినాలి, విస్తరిలో ముక్క మిగలకూడదు. ఆ ఏడు కొత్తగా వచ్చిన కోడలు మగవాళ్ళతో పాటు మొదటి పంక్తిలో కూర్చోవాలి, పెద్దమామగారే తన చేత్తో వడ్డిస్తారు. ఆ వంతు తిన్నాకే ఆమె ఆ ఇంటి మనిషి అయినట్టు లెక్క. తినకపోతే? ఎవరూ నన్ను తన్ని తరిమేవాళ్ళు కాదు. కానీ వచ్చే పంటకు అడవిలోనుంచి ఏనుగులు రాగిచేలో దిగినా, ఆవు చూడి నిలవకపోయినా, ఆ మాట నా మీదికే వస్తుంది. అంతకంటే ముందు మా నాన్న మీదికి వెళ్తుంది. తిని పంక్తిలోనే కక్కుకున్నానంటే ఇంకా అన్యాయం. మావారితో చెప్పుకుంటే, కళ్ళు మూసుకుని మింగెయ్యి అన్నారు. ఆయన మంచివారే, ఆ కష్టం ఎరగనివారు. అత్తకు చెప్పుకుందామంటే నేను చేసిన ఘనకార్యం అడ్డం వచ్చింది.

జాతరనాడు మోదుగాకుల విస్తరి ముందు కూర్చున్నాను. పెద్దమామగారు సంగటి ముద్ద పక్కన నాలుగు ముక్కలు పెట్టి ముందుకు జరిగాడు. అప్పుడు మా అత్త, జన్మలో అందరికీ పెట్టి చివరన తినే మనిషి, చేతిలో గంపను తోడికోడలికి ఇచ్చేసి వచ్చి నా ఎడమ పక్కన కూర్చుంది. కాళ్ళు పీకుతున్నాయి, ఈసారి మీరు వడ్డించండి అంది. ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆమెకూ విస్తరి వేశారు. నేను సంగటి తుంచి ఉలవచారులో అద్దుకున్నాను, ఎంగిలి చేశాను. ఆమె కుడి చెయ్యి తన విస్తరి దాటి నా విస్తరిలోకి వచ్చింది. ఒక ముక్క తీసుకుని తిన్నది. కాసేపాగి ఇంకొకటి. కోడలు అత్త విస్తరిలో తినడం మనం ఎరుగుదుం, అత్త కోడలి ఎంగిలి తినడం నేను వినలేదు, ఆ పంక్తిలో ఉన్నవాళ్ళూ విని ఉండరు. పెద్దమామగారు చూశాడు. చూసి ఏదో అనబోతే ఆమె తల ఎత్తకుండానే, "విస్తరి ఖాళీ అయితాది గదా బావా, ఎవురు తినిరని మారెమ్మ అడగదులే" అంది. ఆయన పక్క విస్తరి దగ్గరికి వెళ్ళాడు, ఆమె మిగిలిన రెండు ముక్కలూ తీసుకుంది.

గిన్నెలు తోమే చోట నేను ఏడుస్తూ ఆమె చెయ్యి పట్టుకోబోతే విడిపించుకుని, "ఈసారి మీ నాయన చేప తెస్తే నువ్వు వండు, నేను చూస్తా" అని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ చూడటం చూడటం ఆమె నాకంటే బాగా వండటం నేర్చుకుంది. మావారికి హోసూరులో ఫ్యాక్టరీ పని స్థిరపడి మేము ఆ పక్కనే మత్తిగిరిలో ఇల్లు తీసుకున్నాక, మామగారు పోయాక, ఆమె మా దగ్గరికే వచ్చేసింది. ఆదివారం చేపల బండి వస్తే మొప్పలు ఎత్తి చూసి బేరం చేసేది ఆమే. అయినా జాతర వచ్చిందంటే ఇద్దరం జవళగిరి వెళ్ళేవాళ్ళం, ఆమె నా ఎడమ పక్కన కూర్చునేది, నా వంతు తినేది. పాతికేళ్ళు ఇలా గడిచాయి. మా ఇద్దరి మధ్యా ఆ మాట మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

ఆఖరి ఏడు ఆమెకు పళ్ళన్నీ ఊడిపోయి ఉన్నాయి. ఇంట్లో చేప ముళ్ళు తీసి అన్నంలో మెదిపి పెట్టేదాన్ని. జాతరకు వద్దత్తా అంటే వినలేదు. పంక్తిలో అలవాటుగా ఆమె చెయ్యి నా విస్తరిలోకి వచ్చింది. ముక్క నోట్లో వేసుకుంది, నమిలింది, ఎంతసేపటికీ మింగుడు పడలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ ఉమ్మలేదు. రెండో ముక్కకు చెయ్యి చాచేలోగా నేను దాన్ని తీసి నా నోట్లో పెట్టుకున్నాను. తర్వాత మిగిలినవీ, ఆమె విస్తరిలోవీ. ఎలా మింగానో నాకు తెలియదు, కడుపు తిప్పిందో లేదో కూడా గుర్తు లేదు. ఆమె నా వైపు చూసి, "వద్దమ్మణ్ణీ" అంది, అంతే. ఆ తర్వాత మూడు నెలలకు పోయింది. నేను మళ్ళీ మాంసం ముట్టలేదు.

జాతర ఇప్పటికీ జరుగుతుంది, మేమూ వెళ్తాం. షామియానా కింద బల్లల మీద అన్నీ అమర్చి ఉంటాయి, ఎవరికి కావలసింది వాళ్ళు పళ్ళెంలో పెట్టుకుంటారు. మా మరిది కోడలు నాకోసమని చేపముక్కలు వేయించి మూతపెట్టి ఉంచుతుంది, ఎంత మంచి పిల్లో. నేనెందుకు తిననని ఎవరూ అడగరు. సగం తిని పారేసినా అడగరు. ఇదే మేలని నాకు తెలుసు, నా మనవరాలు నేను పడ్డ భయం ఏ ఇంట్లోనూ పడకూడదు. కానీ అంతమంది నడుమ కుర్చీలో కూర్చుని, నా పళ్ళెంలో ఉన్నదంతా నేనే తింటుంటే, మా అత్త పోయిందని నాకు అక్కడ తెలిసినంతగా ఇంకెక్కడా తెలియదు.