సున్నపు బండ మింగిన మట్టి

హన్మండ్లు చేనులో గడ్డపార వేస్తే జానెడు లోతుకే ఖంగుమంటుంది. బోధన్ చుట్టుపక్కల నల్లరేగడిలో చెరుకు నిలువెత్తు దాటి లేస్తుంటే, ఊరికి ఎగువనున్న ఆ మిట్ట మీద మాత్రం మట్టి దుప్పటంత పలచన. దాని కింద అంతా సున్నపు బండే. వానాకాలం గునుగు, తుమ్మి, చిట్టిగడ్డి తప్ప అక్కడ ఏదీ నిలవదు. పూరేడు పిట్టలు ఆ గడ్డిలో గుడ్లు పెట్టుకుంటాయి. ఆ మిట్ట మీదే ఆయనకు ఎకరంన్నర.

ముప్పై ఏళ్ళుగా ఆయన ఇతరుల చెరుకే కొట్టాడు. కొడుతుండగా పిట్టగూడు కనబడితే ఆ నాలుగు గడలూ వదిలేసి, ఆసామికి చెప్పి మరీ వచ్చేవాడు. అంత మెత్తని మనిషి. ఒక్క పంటైనా తన చేనులో తీయాలన్నది ఆయన కోరిక.

ఆ బండలో అక్కడక్కడా సందులున్నాయి, చేయి దూరేటంత వెడల్పు. ఏటా మిరుగు కార్తెకు ముందు, తొలి వానలు పడకముందే, ఊళ్ళోని ముసలి రాములవ్వ చీపురు తీసుకొని మిట్టెక్కి, సందుల్లో చేరిన ఆకూ అలమూ ఊడ్చి, చిటికెడు పసుపు చల్లి, దండం పెట్టుకొని వచ్చేది. ఆమె అత్తా అలాగే చేసేదట. ముసలామె భక్తి అనుకున్నారు అందరూ.

ఈ ఎండాకాలం ఊరి చెరువులో పూడిక తీశారు. తోలుకున్నవాళ్ళకు తోలుకున్నంత మట్టి. హన్మండ్లు తన చేనంతా పరిపించాడు. మట్టి జారిపోకుండా ముందే సందుల్లో తుమ్మకంప, పాతగడ్డి, రాళ్ళముక్కలు కుక్కాడు. రాములవ్వ చీపురు పట్టుకొని చూస్తూ నిలబడింది.

"కొడుకా, బండకు ఊపిరాడద్దా?"

"బండకు ఊపిరేందవ్వా? పసుపు ఏస్తున్న. మొదటి కొమ్ము నీకే ఇస్త, సూడు."

ఆమె నవ్వి, చీపురు చంకలో పెట్టుకొని దిగిపోయింది.

పసుపు మొలకెత్తింది. తర్వాత రెండు రోజులు ఆగకుండా వాన. మూడోనాటి పొద్దున హన్మండ్లు గోనెసంచి కప్పుకొని చేను గట్టు మీదికి వచ్చాడు. మోకాటి లోతు నీళ్ళు. ఎటు గండి కొట్టాలా అని చూస్తుంటే, నడుమ ఒక గడ్డిపోచ గిర్రున తిరగడం కనిపించింది. ఆ వెంటనే దాని చుట్టూ నీళ్ళు తిరిగాయి. నేల లోపలినుంచి గుటగుటమని చప్పుడు. బీడీ ముట్టించి పారేసేంత సేపట్లో నీళ్ళు దిగిపోయాయి, వాటితోపాటు మట్టి. బోదెలు జారుతున్నాయి. పసుపు మొక్కలు ఒకదాని వెనుక ఒకటి ఒరిగి, నడుమ నేలలో తెరుచుకున్న బొందవైపు నడిచిపోయాయి. చూస్తుండగానే సగం చేను తెల్లని బండై మిగిలింది.

ఒక కాలు ముందుకు వేసి అలాగే నిలబడిపోయాడు.

ఎంతసేపు నిలబడ్డాడో, రాములవ్వ మనవరాలు అఖిల కింది నుంచి పరుగున వచ్చింది.

"పెద్దబాపూ, బాయి కాడికి రా."

ఆ బావి మిట్టకు అర కిలోమీటరు దిగువన ఉంది. ఊరికి నల్లా వచ్చినా, తాగడానికీ వండడానికీ నలభై ఇళ్ళకు ఆ నీళ్ళే. గిరక చుట్టూ జనం. పొరుగింటి బాలన్న బొక్కెన లాగాడు. చెరువు బురద రంగు నీళ్ళు, పైన పాతగడ్డి. అందులో చేయి పెట్టి బాలన్న ఒక ముక్క తీశాడు. మొలక విరగని పసుపు కొమ్ము.

"మోర్తాడోళ్ళు పసుపు చేన్ల ఏస్తరు. నువ్వేందిరా హన్మండ్లూ, బాయిల ఏసినవ్?"

రాములవ్వ ఆ కొమ్మును అందుకొని కొంగున ముడేసుకుంది.

"మొదటి కొమ్ము నాకే ఇస్తనంటివి గదా కొడుకా. అందింది."

హన్మండ్లు బావి గట్టు మీద కూర్చున్నాడు.

నిజామాబాద్‌లో డిగ్రీ చదువుతున్న అఖిల పక్కన కూర్చుంది. "గా బండ వాననీళ్ళకు కొద్దికొద్దిగ కరుగుతది, పెద్దబాపూ. వేల ఏండ్ల సంది కరిగి కరిగి గా సందులైనయి. మిట్ట మీద పడ్డ వాన గా సందులకెల్లే మన బాయికొస్తది."

పుట్టినప్పటినుంచి తాగిన నీళ్ళు. వాటి దారిలో తన చేతులతోనే కంప కుక్కాడు.

ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు. ఎవరో ఒకరు వచ్చి తిడతారని వాకిట్లో కూర్చున్నాడు. తిడితే బాగుండుననిపించింది. సాయంత్రం బాలన్న వచ్చాడు. పక్క ఊరినుంచి ట్రాక్టరు మీద తెచ్చిన మంచినీళ్ళలో మొదటి బిందె ఆయన గడపలో దించాడు.

"తాగు. తాగి రేపు పార పట్టుకొని రా. మిగిలిన మట్టి ఇంకో వానకు దిగుతది. గప్పుడు బాయి పూడుతది."

బిందెవంకే చూశాడు హన్మండ్లు. పొద్దున నేల నోరు తెరిచినప్పుడు కూడా ఆయన అంత నివ్వెరపోలేదు.

తెల్లారి ఇంటికొకరు తట్టలతో మిట్టెక్కారు. మిగిలిన మట్టిని తవ్వి, సందులకు దూరంగా దిగువ గట్టున పోశారు. హన్మండ్లు బండ మీద బోర్లా పడుకొని, ముళ్ళు గీరుకుంటున్నా కంపంతా చేత్తోనే లాగాడు. వెనకాలే రాములవ్వ ఊడ్చుకుంటూ వచ్చింది. ఐదోనాడు మళ్ళీ వాన కురిసింది. అందరూ బావి దగ్గరే ఉన్నారు. బురద తోడిపోశారు, మర్నాడూ తోడారు. రోజురోజుకూ రంగు విరిగి, పదకొండోనాటికి బొక్కెన అడుగు కనిపించింది.

"ముందు నేను తాగుత. ఏమన్నైతే నాకే కావాలె," అన్నాడు హన్మండ్లు.

"నీకేమన్నైతే వచ్చే మిరుగుకు సందులెవరు ఊడుస్తరురా? నా నడుం వంగుతలేదు."

రాములవ్వ ఆ నీళ్ళు కాచి, చల్లార్చి, సగం తాను తాగి సగం ఆయనకిచ్చింది. తర్వాత చీపురు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

మిట్ట మీద మళ్ళీ గునుగు లేచింది. హన్మండ్లు ఇప్పుడూ ఇతరుల చెరుకే కొడుతున్నాడు. మిరుగు దాకా ఆగలేక, వాన మబ్బు కనిపించినప్పుడల్లా చీపురు పట్టుకొని మిట్టెక్కుతాడు. సందు అంచుకు రాగానే ఆయన చేయి ఆగిపోతుంది. బావికి దారి తెరిచే ఉందని చెప్పే నీటి చప్పుడు లోపల వినబడేదాకా చీపురు కదపడు.