సులై నుంచి జుబైల్ దాకా: డాక్టరమ్మతో చెప్పిన అబద్ధం

గల్ఫ్‌కు వచ్చి పదకొండేళ్లయినా నేను జుబైల్ చూడలేదు. రియాద్‌లోని సులైలో గోదాముల ఏసీలు బాగుచేసుకుంటూ బతికేవాడిని, అంత దూరం పోవాల్సిన అవసరమేముంది? కానీ మా తమ్ముడు శీను అక్కడ పైపు ఫిట్టర్. వాడు మూడు రోజులుగా డ్యూటీకి పోవడం లేదనీ, గోడలు తన గురించి మాట్లాడుకుంటున్నాయని అంటున్నాడనీ వాళ్ల లేబర్ క్యాంప్ బాస్ ఫోన్ చేశాడు. విదేశీ కార్మికుల మీద కట్టే లెవీలు పెరిగి, సౌదీవాళ్లకు ఇన్ని ఉద్యోగాలివ్వాలనే నితాకత్ లెక్కలో చాలా కంపెనీలు ఎర్రరంగులో పడ్డ రోజులవి. ఇంటికి పోవడానికి అందరూ ఏదో ఒక సాకు వెతుకుతున్నారు, మావాడిదీ నాటకమేనని ఆయన అనుమానం. మర్నాటి సాయంత్రంలోగా డాక్టర్ కాగితం చూపకపోతే హురూబ్ పెడతానన్నాడు. అంటే పారిపోయాడని రాసేస్తారు. ఆ తర్వాత పోలీసులు, జైలు.

తెల్లవారుజామున నాలుగున్నరకు షేర్ కారు ఎక్కాను. సీటుకు వంద రియాళ్లు. బస్సు చవకే గానీ ఆగి ఆగి పోతుంది, మధ్యాహ్నం దాటిపోతుంది. డ్రైవర్ గుల్ ఖాన్ పెషావర్ మనిషి. దమ్మామ్ రోడ్డు మీద ఒక పెట్రోల్ బంకు దగ్గర చాయ్, పరోటా తింటుంటే ఎందుకు పోతున్నావని అడిగాడు.

"భాయీ బీమార్ హై," తమ్ముడికి ఒంట్లో బాగాలేదన్నాను.

"ఆజ్‌కల్ సబ్ బీమార్ హై. సబ్‌కో ఖురూజ్ చాహియే" అని నవ్వాడు. ఊరికి పోయే ఎగ్జిట్ కోసం అందరికీ జబ్బులే వస్తున్నాయట. నాకు ఒళ్లు మండింది. కానీ కారు అతనిది, రోడ్డు ఇంకా మూడు వందల కిలోమీటర్లుంది. చాయ్ తాగేసి వెళ్లి కారులో కూర్చున్నాను.

తొమ్మిదిన్నరకు క్యాంపుకు చేరాను. గదిలో ఆరు మంచాలు, ఐదింటి మీద పరుపులు లేవు. లెవీ దెబ్బకు ఒక్కొక్కరూ ఎగ్జిట్ మీద వెళ్లిపోగా శీను ఒక్కడే మిగిలాడు. నాలుగు నెలలుగా ప్లాంటు ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పని, పన్నెండు గంటల రాత్రి డ్యూటీ, పగలు ఆ ఖాళీ గది. ఏసీ జాలీకి పేపర్లు అంటించి, చుట్టూ టేపు చుట్టేశాడు. ఏసీ మెకానిక్ తమ్ముడు ఏసీకి భయపడుతున్నాడు!

"మెల్లగ మాట్లాడన్నా, ఇంటున్నరు" అన్నాడు.

నచ్చజెప్పి వాడిని క్లినిక్‌కు తీసుకెళ్లాను. టాక్సీకి ఇరవై రియాళ్లు, ఫీజు నూట యాభై. డాక్టరమ్మది హైదరాబాద్, తెలుగు వచ్చు. వాడితో చాలాసేపు ఓపిగ్గా మాట్లాడి, నావైపు తిరిగింది.

"మీ ఇంట్ల ఎవరికైనా ఇట్ల ఉండెనా?"

"ఎవరికీ లేదమ్మా."

ఆలోచించకుండానే వచ్చింది ఆ మాట. గల్ఫ్ మెడికల్ పరీక్షకు పోయే ముందు ఏజెంట్ మాకందరికీ నేర్పేది అదే: ఏది అడిగినా లేదనాలి, ఉందంటే వీసా పోతుంది. పదకొండేళ్లుగా లేదు, లేదు, లేదు.

"మరి మాత్రలు, మత్తు ఏమన్నా అలవాటుందా?" అని అడిగి, ఆమె కాగితం మీద ఏదో రాసుకుంది. శీను బెదిరిపోయి నన్ను చూశాడు. ఈ దేశంలో జైల్లో వెయ్యడానికి ఆ అనుమానం ఒక్కటి చాలు. నేను కుర్చీ ముందుకు జరిపాను.

"అమ్మా, అబద్ధం చెప్పిన. మా మేనమామకు ఉండె. తనల తానే మాట్లాడుకుంటుండె. గాలి సోకిందని ఇంట్ల దాచిండ్రు."

ఆమె కోప్పడలేదు. పెన్ను పక్కన పెట్టింది.

"స్కిజోఫ్రీనియా కావచ్చు, పేరు ఇప్పుడే పెట్టను. కొన్ని నెలలు చూడాలె. రక్తంల కొంత వస్తది, కానీ రక్తం ఒక్కటే తేదు. మీ మామకుంటే అందరికీ రావాలని లేదు, నీకు రాలేదు కదా. నిద్ర లేకపోవుడు, ఒంటరితనం, బెంగ, ఇవన్నీ తోడైతయి. రక్తాన్ని మార్చలేం. గదిని మార్చొచ్చు."

బయట చాయ్ తాగుతూ శీను అడిగాడు: "మామకు నిజంగనే గిట్లనే ఉండెనా?"

"ఉండె."

"మరి నాకెందుకు చెప్పలె? నాకొక్కనికే అయితుందనుకున్న."

సిగ్గేసింది. "ఆ గోడలు ఇప్పుడేమంటున్నయ్ రా?" అని అడిగాను.

"ఇప్పుడేమంటలెవ్వు. నువ్వు మాట్లాడుతున్నవ్ గదా."

డాక్టరమ్మ మందులు, కాగితం రాసిచ్చింది. సాయంత్రం నాలుగుకు ఆ కాగితం క్యాంప్ బాస్ చేతిలో పెట్టాను. రెండుసార్లు చదివి హురూబ్ మాట వెనక్కి తీసుకున్నాడు. నిజామాబాద్ వాళ్లుండే గదిలోకి శీనును మార్పించి, మందుల వేళలు వాళ్లకు చెప్పి తిరుగు కారెక్కాను.

ఆ దారంతా మామే గుర్తొచ్చాడు. గాలి సోకిందని ఆయన్ని వదిలేశాం గానీ, ఏం వినిపిస్తోందని ఒక్కరోజూ అడగలేదు. ఇంటి పరువు కాపాడామనుకున్నాం, కాపాడాల్సిన మనిషిని కాపాడలేదు. ఇలాంటి పని మీద ప్రయాణమయ్యేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: నివాస పర్మిట్ ఇకామా కాపీతో పాటు, ఇంట్లో ఎవరికి ఏ జబ్బుండేదో ఒక కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోండి. డాక్టర్ అడిగితే దాచకండి. నేనూ రాసుకున్నాను. మొదటి పేరు మా మామ రాజయ్యది. ఆ పేరు నేను రాయడం ఇదే మొదటిసారి.