బాపు వాటా

నా చిన్నప్పుడు మా బాపుకు ఆదివారం అనేది ఉండేది కాదు. మేము గోదావరి ఒడ్డున, బొగ్గుగని కార్మికుల క్వార్టర్లలో ఉండేవాళ్లం. గనిని అక్కడ అందరూ బాయి అనే అంటారు; నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటారు. బాపుకు వారపు సెలవు బుధవారం వచ్చేది. ఆదివారం తెల్లవారగానే అన్నం డబ్బా పట్టుకుని ఆయన బాయికి, అవ్వా నేనూ గుడికి. మేము కతోలికులం. మా గుడి అంటే రేకుల కప్పు వేసిన చిన్న చర్చి.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, మొదటిసారి దివ్యసత్ప్రసాదం తీసుకోవడానికి మమ్మల్ని కొంతమంది పిల్లల్ని సిద్ధం చేశారు. గోధుమపిండితో చేసిన ఆ పలుచని అప్పం, పూజలో ఫాదర్ ప్రార్థించాక యేసు ప్రభువు శరీరమే అవుతుందని పాఠాలు చెప్పే సిస్టర్ చెప్పింది. దాన్ని తిన్నవాళ్లకు చావు లేదని కూడా చెప్పింది. మిగతా పిల్లలు బుద్ధిగా తలలూపారు. నాకు మాత్రం బాపు గుర్తొచ్చాడు. ఆ నెలలోనే బాయిలో పైకప్పు కూలి, మా వెనక వరుసలో ఉండే ఒకాయన చనిపోయాడు. అప్పటినుంచి బాపు ఇంటికొచ్చేదాకా నాకు ముద్ద దిగేది కాదు. చావు లేకుండా చేసేది ఒకటుంటే, అది కావలసింది బాయిలోకి దిగే మనిషికి గానీ బడికి పోయే నాకెందుకు? పైగా పక్కింటి అక్క బాసర పోయివస్తే, ప్రసాదం పొట్లం కట్టుకొచ్చి రానివాళ్లందరి చేతుల్లో పెట్టేది. అందుకే ఇంటికి తేవడం తప్పని నాకు తట్టనే లేదు.

ఆ ఆదివారం తెల్లగౌను వేసుకుని, మోకరించి నాలుక చాపాను. ఫాదర్ అప్పం పెట్టారు. పక్కకు తిరిగి, నోట్లోంచి తీసి, చేతిరుమాలులో చుట్టేశాను. ఇంటికొచ్చాక అవ్వ చూడనే చూసింది. "ఏం పని చేసినవే పోరీ!" అని నెత్తి పట్టుకుంది. కొట్టలేదు. కొట్టకపోవడంతోనే నాకు అసలు భయం పట్టుకుంది. నా రెక్క పట్టుకుని మళ్లీ గుడికి లాక్కుపోయింది.

ఫాదర్ కృష్ణా జిల్లా నుంచి వచ్చిన పెద్దాయన. తిడతారని కాచుకుని నిలబడ్డాను. ఆయన రుమాలును పీఠం మీద పరిచి మోకరించారు. నా ఉమ్మికి తడిసి ముద్దయిన ఆ అప్పాన్ని తీసి, కళ్లు మూసుకుని తినేశారు. రుమాలుకు అంటిన పొడి కూడా నేలపాలు కాకూడదని, దాన్ని గ్లాసెడు నీళ్లలో జాడించి, ఆ నీళ్లూ తాగారు. ఇదేం మనిషిరా నాయనా అనుకున్నాను. అంతలోనే అసలు సంగతి గుర్తొచ్చి ఏడుపు తన్నుకొచ్చింది.

"గది మా బాపుది! మీరెందుకు తిన్నరు?"

అవ్వ నా నోరు మూయబోయింది. ఫాదర్ వద్దని వారించి, సంగతంతా నా నోటితోనే చెప్పించుకున్నారు. విన్నాక, "మీ నాన్న డ్యూటీ ఎన్నింటికి అయిపోతుందమ్మా?" అని మాత్రం అడిగారు.

సాయంత్రం ఆయన సత్ప్రసాదం ఉన్న చిన్న పెట్టెను మెడలో వేసుకుని సైకిల్ మీద మా ఇంటికి వచ్చారు. బాపు అప్పుడే వచ్చి ఉన్నాడు. కనురెప్పల నిండా బొగ్గే. "జర ఆగుండ్రి ఫాదర్, తానం చేసొస్త" అన్నాడు సిగ్గుపడుతూ. ఫాదర్ ఆయన్ని పెరట్లో నల్లా దగ్గరికి తీసుకుపోయి, పాపాలు ఒప్పుకోవడం విన్నారు. తర్వాత బాపు, అదే నల్లటి మొహంతో, గచ్చు మీద మోకరించి నాలుక చాపాడు. ఎర్రటి నాలుక మీద ఆ తెల్లటి అప్పం నాకిప్పటికీ కనిపిస్తుంది.

"ఇగ మా బాపు సావడు గదా?" అని అడిగాను.

"చనిపోతాడమ్మా. నేనూ పోతాను" అన్నారు ఫాదర్. "కానీ రేపు కిందికి దిగేటప్పుడు మీ నాన్న ఒక్కడే దిగడు."

నాకు ఒళ్లు మండిపోయింది. సిస్టరేమో చావు లేదంది, ఈయనేమో ఉందంటాడు. మరి నేను దొంగలాగా దాచి తెచ్చిందంతా దేనికి? బాపు మాత్రం నన్ను దగ్గరికి లాక్కుని "నాకోసం దాసుకొచ్చినవా బిడ్డా" అన్నాడు. కన్నీళ్లకు ఆయన చెంపల మీద బొగ్గు చారలు కట్టింది.

తర్వాత ఫాదర్ బుధవారం సాయంత్రం కూడా పూజ పెట్టారు. బాయిపని వాళ్లు ఐదారుగురు వచ్చేవారు. బాపు ఒక్క వారం కూడా మానలేదు.

బాపు బాయిలో పోలేదు. పని మానేసిన చాలా ఏళ్లకు, ఊపిరితిత్తుల నిండా బొగ్గుదుమ్ముతో, మంచంలో పోయాడు. చివరి రోజు నీళ్లు కూడా దిగని గొంతులో సత్ప్రసాదం చిన్న ముక్క ఒకటి దిగింది. చావు లేదన్న సిస్టర్ మాటా, ఒక్కడే దిగడన్న ఫాదర్ మాటా ఒకటేనా అని ఆ రోజూ ఆయన పక్కన కూర్చుని ఆలోచించాను. నాకిప్పుడు అరవై దాటాయి, ఇంకా తేల్చుకోలేదు. ఆదివారం నాలుక మీద సత్ప్రసాదం పడగానే మాత్రం, మింగకుండా ఒక్క క్షణం ఆగుతాను. ఇంటికి రావలసినవాళ్లు ఎవరో ఇంకా రాలేదేమోనని.