ఖాళీ మేకు

విభూది బుధవారం దగ్గరపడింది. ఏసయ్య గుడి వెనక పోయినేటి ఈతమట్టలు కాలుస్తున్నారు. ఆ వాసనకు కోసిగిలో మా అవ్వ ఇల్లు గుర్తొచ్చింది.

ఆ ఏడు వానల్లేవు. అమ్మా నాన్నా నన్ను అవ్వ దగ్గర వదిలి మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు లారీ ఎక్కిపోయారు. మా వీధిలో సగం ఇళ్లకు తాళాలే. మా తలుపు పైన మేకుకు ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టల ఆదివారంనాడు అమ్మ కట్టిన ఈతమట్ట ఉండేది. అదున్నంత కాలం ఇంటికి కీడు రాదని అమ్మే చెప్పింది.

ఒక సాయంత్రం గుడిలో ప్రార్థనలు చెప్పించే ఉపదేశి పాత మట్టల కోసం గోనెసంచితో వచ్చాడు. అవ్వ ఆ మట్టను తీసి ఇచ్చేసింది.

"యాడికవ్వా?"

"కాల్చేకి. ఆ బూడిదే కదా మన నొసట పెట్టేది."

మరునాడు గుడిలో ఆ బూడిద నొసట పెడితే, ఇంక మా ఇంటికి కాపు లేదనిపించింది. అప్పట్నుంచి రోజూ పొద్దుగూకే వేళ ఆ మేకు కిందే కూర్చునేదాన్ని. లారీలు ఆగకుండా పోయేవి. ఈస్టరు దాకా సాగే తపస్సు కాలమంతా మధ్యాహ్నం తిండి మానేసిన అవ్వ, నా భుజం మీద చెయ్యేసి పక్కనే కూర్చునేది.

"మట్ట లేదు కదవ్వా, అమ్మ ఎట్లొస్తాది?"

"మేకు ఉండాది కదా పాపా. కొత్త మట్ట వచ్చేదాకా అది అట్లే ఉంటాది. మనమూ అట్లే ఉండల్ల."

మట్టల ఆదివారం వచ్చింది గాని అమ్మ రాలేదు. అవ్వ కొత్త మట్ట తెచ్చి గోడకు ఆనించింది. "మీయమ్మ కడతాది" అంది.

మిరప ఘాటు వదలని చేతులతో అమ్మ దాన్ని కట్టేనాటికి ఆకులు ఎండి రాలుతున్నాయి.

ఆ సాయంత్రాలు అవ్వ చెయ్యి నా భుజం మీద శానా బరువుగా ఉండేది. ఆసరా నాకేననుకున్నాను.