రౌతు బాబాయికి నడకంటే నామోషీ

ఎవరినీ దగ్గరకు రానివ్వని పొగరుబోతు గుర్రానికి ఏడు వారాలు తన్నులు తిని జీను కట్టడం రౌతు బాబాయి మొదటి ఘనవిజయం. ఆ కథ పదిసార్లు విననివాడు ఆయన పనిచేసే వైద్యశాలలో లేడు. అక్కడ నడక రాని పిల్లలను గుర్రమెక్కిస్తారు. దాని అడుగుకు పిల్లల నడుము కదిలి, నడకంటే ఏమిటో ఒంటికి తెలుస్తుంది. కళ్లెం పట్టుకుని నెమ్మదిగా నడిపించడం మాత్రం బాబాయికి నామోషీ. "రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందమ్మా!" అని నిన్న డాక్టరమ్మ ముందు మీసం దువ్వి, దౌడు తీయించాడు. ఈమధ్యే చేతులు వదిలి కూర్చోగలిగిన, గుర్రం మీది చిన్నది కొయ్యబారి, జీను కరుచుకుని ఏడ్చింది.

"మూడు నెలల కష్టం మట్టిపాలు చేశారు కదా బాబాయ్! గుర్రానికి నడక వచ్చు, మీకే రాదు," అంటూ డాక్టరమ్మ కళ్లెం లాక్కుంది. హాజరుపట్టీలో ఆయన వరుసలో రాసింది: పనిలోకి తిరిగి రావలసింది వచ్చే నెల పదహారున, చిన్నది ఒప్పుకుంటే.